మైకు అక్కర్లేని పిల్ల

అప్పుడు నేను సిరిసిల్లలో ఏడో తరగతి. మా ఇంటి ముందు గదిలోనే నాలుగు సాంచాలు ఉండేవి. ఆ మరమగ్గాల చప్పుడులో ఇంటిల్లిపాదీ అరిచే మాట్లాడుకునేవాళ్లం. బడిలోనూ నాకు అదే గొంతు. జవాబు చెబితే పక్క క్లాసు సారు తొంగిచూసేవారు.

అలాంటి నాకు వార్షికోత్సవంలో స్వాగతం పలికే పని అప్పగించారు తెలుగు మేడం. వారం రోజులు బడి వదిలాక ఆగి మరీ నేర్పించారు. తీరా ఆ రోజు నేను "అందరికీ నమస్కారం" అనగానే స్పీకర్లు కీచుమన్నాయి. జనమంతా చెవులు మూసుకుని ఒకటే నవ్వు. ఏడుపొచ్చి దిగిపోబోయాను.

మేడం గబగబా వేదికెక్కారు. "మైకు బంద్ చెయ్యిండ్రి. మా పిల్లకు అక్కెర లేదు. ఇంట్ల మాట్లాడినట్టే చెప్పు బిడ్డా!" అన్నారు.

కళ్లు మూసుకుని మొత్తం చెప్పేశాను.

చివరి వరసలో మా బాపు లేచి నిలబడ్డాడు. ఏళ్ల తరబడి సాంచాలు నడిపి ఆయనకు చెముడు వచ్చింది. "మేడం, గిన్నేండ్ల సంది మీటింగులకు అస్తున్న. ఒక్క ముక్క ఇనవడకపోయేది. ఇయ్యాల అంత ఇనవడ్డది!" అని అక్కడి నుంచే అరిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నేనూ టీచర్‌నే. క్లాసులో ఏ పిల్లయినా అరిచి జవాబు చెబితే "మెల్లగా" అనను. "మీ ఇంట్ల సాంచాలు ఉన్నయా బిడ్డా?" అని అడుగుతాను.