జలుబు సెట్టు మీద పడిన చుక్క

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కోదాడలో మందుల షాపు పెట్టి ఇరవై ఏళ్లయింది. ఎవరైనా గాలి సోకిందంటే, ముందు బీపీ చూపించుకోండని కసిరేవాణ్ణి. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వండి, వేరేవాళ్లు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మా అక్క యాదమ్మది చిలుకూరు. నాట్ల కూలికి పోయేది. ఒక వానాకాలం, నాటు వేయడానికి వంగినప్పుడల్లా ఆమె కుడి ముక్కులోంచి నీళ్లు కారేవి. చీమిడి కాదు, తేటనీళ్లు. నేనేం చేశాను? జలుబు సెట్టు కట్టిచ్చాను. అంటే మూడు రకాల గోలీలు కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, పైన పొద్దున, రాత్రి అని పెన్నుతో రాసివ్వడం. నాలుగు నెలలు అదే ఇచ్చాను.

"గొంతులకు ఉప్పగ దిగుతున్నదిరా," అంది ఒకసారి. నేను పట్టించుకోలేదు. పైగా తనే, "నీ గోలీలతోనే జర నయం తమ్ముడూ," అని నన్ను సంతోషపెట్టేది. పిచ్చి తల్లి.

ఒకరోజు విపరీతమైన జ్వరం వచ్చి మెడ పట్టేసింది, మాట పడిపోయింది. సూర్యాపేటలో దవాఖానలో చేర్చాం. మూడో రోజు పోయింది.

అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు అన్నాడు డాక్టరు. ముక్కు పైభాగంలో ఎముకకు సన్నటి చిల్లు పడిందట. ఆ దారినే ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు ఎక్కిందట. ముందే తెస్తే ముక్కులోంచే కెమెరా పంపి, తొడలోంచి తీసిన పొరతో ఆ చిల్లు మూసేవాళ్లట. తల తెరిచే పనే ఉండేది కాదట. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

రెండేళ్లకు యాసంగి నాట్లొచ్చాయి. మిర్యాలగూడ వైపు నుంచి కూలికొచ్చిన ఒకమ్మాయి మధ్యాహ్నం పూట కొంగుతో ముక్కు తుడుచుకుంటూ షాపుకొచ్చింది.

"అన్నా, జలుబుకు ఒక సెట్టియ్యి. జల్దియ్యి, మా ఆటో పోతది."

షాపు నిండా జనం. అక్క పోయినా నా చేతికి బుద్ధి రాలేదు, అలవాటుగా గోలీలు కత్తిరించేసింది. కవరు మీద రాస్తుంటే టప్పున ఒక చుక్క పడి సిరా చెదిరింది.

పైకి చూశాను. స్లాబు పొడిగా ఉంది. బయట వాన లేదు. ఆ అమ్మాయి బల్లకు అవతల, దూరంగా నిలబడి ఉంది. ఇంకో కవరు తీశాను. దాని మీదా పడింది. మూడో దాని మీదా పడింది. పడినప్పుడల్లా పైకే చూశాను. ఎందుకో గానీ వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది. పెన్ను పక్కన పెట్టి ఆ అమ్మాయిని అడిగాను.

"ఒక్క పక్కనే కారుతదామ్మా? వంగితే ఎక్కువైతదా?"

"అవునన్నా. నీకెట్ల తెలుసు?"

గోలీలు ఇవ్వలేదు. వాళ్లాయనకు ఫోన్ చేయించి, అప్పటికప్పుడు హైదరాబాద్ పంపించాను. అక్కడ ఆమెను ముందుకు వంగబెట్టి, కారిన నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపారు. మెదడు నీరే. స్కానింగులో చిల్లు దొరికింది. ముక్కులోంచే మూసేశారు. రెండు నెలలకు వచ్చి కనబడి వెళ్లింది, మనిషి బాగుంది.

బావకు చెప్పాను. "అయితే మీ అక్కకు నీ మీద కోపం లేదురా," అని భోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మేస్త్రీని పిలిచి స్లాబంతా చూపించాను, ఎక్కడా పగులు లేదు. ఆ నీళ్లు ఎక్కడివో ఈ రోజుకీ చెప్పలేను. నా బాధ అది కాదు. చుక్క పడిన మూడుసార్లూ నేను పైకే చూశాను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి, నా భుజం మీదుగా వంగిందెవరో చూడాల్సింది.