సనదు మీద పసుపునీళ్లు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక లామినేషన్ దుకాణంలో, వానకు తడిసిన పాత దస్తావేజును ఫ్యాను కింద ఆరబెడుతుంటే చూశాను. ఆ చెమ్మ వాసనకు నా ఏడవ ఏట చేసిన పని ఒకటి గుర్తుకు వచ్చింది.

అప్పుడు మేము కొత్తపేటలో ఉండేవాళ్లం. మా తాత గుడి పూజారి. ఒకరోజు దేవుని నగలపెట్టెలో ఫారసీ లిపిలో రాసిన కాగితం నా కంటబడింది. పరాయి రాత వల్ల పెట్టె మైలపడిందని భావించి, దానిపై పసుపునీళ్లు చల్లాను. సిరా అలుక్కుపోయింది.

తాత చూసి ఆ కాగితాన్ని లాక్కున్నాడు. అది ఒకనాటి పాదుషా గుడి దీపానికి భూమి ఇస్తూ రాయించిన సనదు. ఆ భూమికి వేరే ఆధారం లేదు. నన్ను వెంటబెట్టుకొని, ఫారసీ తెలిసిన పొరుగింటి మున్షీ సాబు దగ్గరికి పరుగెత్తాడు.

"పరేషాన్ గాకు పంతులూ, ముద్ర పోలే. అక్షరాలు గూడ ఆనుతున్నయ్," అంటూ ఆయన చివరి వరుస చదివి చెప్పాడు: ఈ దీపాన్ని ఆపినవాడు హిందువైతే కాశీలో, ముసల్మానైతే మక్కాలో పాపం చేసినట్టు.

నాకు ఏడుపు వచ్చింది. "మరి నాకు ఏ పాపం తగుల్తది?"

"నువ్వు దీపం ఆపలే బిడ్డా, కాగితానికి తానం పోసినవ్, గంతే!" అని మున్షీ సాబు నవ్వాడు.

తాత నవ్వలేదు. "ఇగ మీద అడిగినంకనే చల్లు," అన్నాడు.

పాలకుల పరమత సహనం గురించి తరువాత ఎన్నో పాఠాలు చదివాను. పాదుషా భూమి ఇవ్వడం కన్నా, దీపం ఆపేవాడు తన మతస్థుడే కావచ్చునని ముందే తలచి, వాడికీ శాపం రాయించడమే నాకు గొప్పగా తోస్తుంది.