ముందు అయస్కాంతం, తర్వాత నమస్కారం

వెంకటగిరియప్పకు ఇనుమంటే పడదు. మామూలుగా పడకపోవడం కాదు. ఆయన గడప దాటాలనుకున్నవాళ్ళు చుట్టాలైనా సరే, పురోహితుడైనా సరే, ఒంటిమీద ఇనుప ముక్క లేదని రుజువు చేసుకున్నాకే లోపల కాలు పెట్టాలి. అందుకోసం ఎర్రదారానికి కట్టిన నల్లటి అయస్కాంతం ఒకటి ఆయన మెడలో ఎప్పుడూ వేలాడుతుంటుంది. పాత రేడియో స్పీకర్లోంచి పీకింది. మీరు నమస్కారం పెడితే ఆయన వెంటనే తిరిగి పెట్టడు. దారం పట్టుకుని అయస్కాంతాన్ని మీ తల నుంచి పాదాల దాకా ఊపుకుంటూ పోయి, అది ఎక్కడా లాగలేదని తేలాక, అప్పుడు పెడతాడు.

బెంగళూరు చిక్కపేట మెట్రో స్టేషన్లో దిగి, మూటల కూలీలనూ తోపుడుబండ్లనూ తప్పించుకుంటూ నాలుగు సందులు తిరిగితే ఆయన ఇల్లు. కింద కాపురం, పైన మిద్దె మీద అద్దకం. మందు రంగుల, అంటే రసాయనాల రంగుల, జోలికి పోడు. మంజిష్ఠ వేరు ఇచ్చే ఎరుపు, దానిమ్మ తొక్క ఇచ్చే పసుపు, నీలి ఆకు ఇచ్చే నీలం, ఇవే ఆయన రంగులు. ఇవి గుడ్డకు పట్టాలంటే ముందు దాన్ని కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి. గొడవంతా ఆ కరక్కాయతోనే. కరక్కాయ పట్టిన తడిగుడ్డకు ఇనుము తగిలిందా, తగిలిన చోటల్లా నల్లమచ్చ. ఉతికినా పోదు, ఏడ్చినా పోదు.

అలాగని ఆయనకు నలుపు అక్కర్లేదని కాదు. మిద్దె మూలన మూతపెట్టిన కుండలో బెల్లం నీళ్ళు పోసి, తుప్పు మేకులు, లాడాలు వేసి పులియబెడతాడు. ఆయన అచ్చుల్లోని నల్లగీతలన్నీ ఆ కుండ పుణ్యమే. గడప దగ్గరి పళ్ళెంలో తీసిపెట్టిన పిన్నీసులను ఎవరైనా మరిచిపోయి వెళ్తే అవీ ఆ కుండలోకే పోతాయి. బెంగళూరులో సగం మంది ఆడవాళ్ళ పిన్నీసులు మా ఆయన నలుపులోనే ఉండాయని ఆయన భార్య సరోజమ్మ అంటుంది.

కూతురిని చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చినప్పుడు కూడా ఆయన గడప దగ్గరే నిలబడ్డాడు. మిద్దెకూ ఇంటికీ గడప ఒకటే మరి. పెళ్ళికొడుకు పునీత్ బెల్టూ తాళాలూ పళ్ళెంలోకి వెళ్ళాయి. వాళ్ళమ్మ పైట పిన్నీసు తీసి ఇచ్చి, ఒక చేత్తో పైట పట్టుకుని ఇంకో చేత్తో ఉప్పిట్టు తింది. అయినా సంబంధం కుదిరింది. ఇప్పటికీ అల్లుడు అత్తగారింటికి వచ్చినప్పుడల్లా ప్యాంటు పైకి లాక్కుంటూనే తిరుగుతాడు. ఒకసారి, పాపం, మామగారి శ్రమ తగ్గిద్దామని మెట్రో స్టేషన్లో తనిఖీకి వాడేలాంటిది, ఇనుము తగిలితే కూసే యంత్రం ఒకటి కొనిచ్చాడు. గిరియప్ప దాన్ని ఒక్కసారి నొక్కి, అది కుయ్యిమనగానే డబ్బాలో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మెట్రో తనిఖీ అంటే మాత్రం ఆయనకు పండుగే. రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని, అభిషేకం చేయించుకుంటున్నట్టు నిలబడతాడు. అయిపోయింది పొండి అంటే కదలడు. "నడుము ఎనక చూడలేదప్పా నువ్వు" అని కానిస్టేబుల్‌ను నిలదీస్తాడు. వెనక వరస చిక్కపేట సగానికి పెరిగినా సరే.

బెళ్ళందూరు నుంచి ఆఫీసు పిల్లలు అద్దకం నేర్చుకోవడానికి ఒక ఆదివారం వచ్చారు. అందులో ఒకతను బండిమీద నుంచి పడి కాలిలో కడ్డీ వేయించుకున్నాడట. నోరు మూసుకుని ఉండకుండా ఆ సంగతి చెప్పుకున్నాడు. గిరియప్ప చాలాసేపు ఆలోచించి, మనిషి లోపలికి రావచ్చు గానీ కాలు రాకూడదన్నాడు. అతను ఆ కాలిని గడప అవతల చాపుకుని కూర్చుని సాయంత్రం దాకా అచ్చులు వేశాడు. ఇంకెవరికీ అంత బాగా రాలేదని చెప్పాలి.

ఇన్ని చేసే మనిషి తన చొక్కాలు చూసుకోడు. అన్నిటిమీదా నల్లమచ్చలే. ఒకదాని వీపు మీద తాళంచెవి ఆకారం, ఇంకోదాని జేబు దగ్గర గుండ్రటి నట్టు గుర్తు. పనిలో చేరిన కొత్తలో నేత్రావతి వాటిని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నేత్రావతి ఆయన దగ్గర చేరి ఏడాదైంది. అంతకుముందు ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని. అక్కడ ఒక చొక్కామీద నూనె మచ్చ కనిపిస్తే సూపర్‌వైజర్ దాన్ని జెండాలాగా ఎత్తిపట్టి "ఇది ఎవరిది?" అని అడిగాడు. ఆ మచ్చ ఆమెది కాదు. కానీ అందరూ ఆమెవైపే చూశారు, ఉద్యోగం పోయింది. ఇక్కడ మొదటిరోజు గిరియప్ప అయస్కాంతం తీస్తే ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. అక్కడ బయటికి పోయేటప్పుడు వెతికేవాళ్ళు, ఇక్కడ లోపలికి వచ్చేటప్పుడే వెతుకుతున్నారు, అంతే తేడా అనుకుంది. కానీ పిల్లను చదివించుకోవాలి. ఈ పని కూడా పోతే ఇంకో గడప ఎక్కే ఓపిక లేదు. నోరు మూసుకుని, రోజూ చేతులు చాచి నిలబడేది.

మొన్న వేసవిలో అర్పిత అనే ఆవిడ, బెళ్ళందూరులో కొత్తగా బట్టల దుకాణం తెరుస్తూ, ఎర్ర అచ్చుల చీరలకు ఆర్డరిచ్చింది. గిరియప్పకు అంత పెద్ద ఆర్డరు ఎప్పుడూ రాలేదు. చీరల గుడ్డను కరక్కాయలో ముంచి, పిండి, మడతలు పెట్టి ఆ రాత్రికి అలాగే ఉంచారు. ఆ రోజు సాయంత్రం కూతురి బడిలో కార్యక్రమం ఉండటంతో నేత్రావతి పొద్దున్నే తలనిండా మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. గిరియప్ప అయస్కాంతం ఆ పూలమీదుగా కూడా ఊగింది. పూలు ఒత్తుగా ఉన్నాయి, ఏమీ లాగలేదు.

మర్నాడు మడతలు విప్పింది నేత్రావతే. మొదటి మడతలో సన్నటి నల్లమచ్చ. రెండో మడతలోనూ అదే. మూడోదాంట్లోనూ అదే. అడుగున తుప్పు పట్టిన హెయిర్‌పిన్ను ఒకటి గుడ్డకు అతుక్కుని ఉంది. అది ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. నిన్న సాయంత్రం పూలు జారుతుంటే పిన్ను దారిలో ఎక్కడో పడిపోయిందనుకుంది.

సరిగ్గా అప్పుడే అర్పిత పని చూసుకుందామని మెట్లెక్కి వచ్చింది, కారు తాళాలూ పిన్నీసులూ కింద పళ్ళెంలో పెట్టి మరీ. మచ్చలు చూసింది. దుకాణం తెరిచే రోజు దగ్గర పడిందనీ, ఆహ్వాన పత్రికలు కూడా పంచేశాననీ చెప్పి, గుడ్డను పైకెత్తి పట్టుకుని అడిగింది.

"ఇది ఎవరు చేశారు అంకుల్?"

ఆ ప్రశ్న నేత్రావతికి కొత్త కాదు. ఒప్పుకుందామని ముందుకు కదిలింది.

ఆలోపే గిరియప్ప వంగి గుడ్డలోంచి పిన్ను తీశాడు. ఒకసారి వెలుగులో చూసి జేబులో వేసుకున్నాడు.

"నాది" అన్నాడు.

అర్పిత ఆయన తలవైపు చూసింది. నున్నటి బట్టతల. చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు తప్ప అక్కడ పిన్ను పెట్టడానికి చోటే లేదు. ఆవిడ కోపం ఎక్కడికి పోయిందో గానీ, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"మీరు హెయిర్‌పిన్ పెట్టుకుంటారా అంకుల్?"

"గడప కాడ చూసేది నేను గదమ్మా. చూసినంక లోపల ఇనుము దొరికితే అది నాదే. మచ్చ పడిన చీరలు మళ్ళా చేసిస్తాం. నీ అంగడి తెరిచే పొద్దుకు అందరికంటే ముందర నేనే తెస్తా."

అర్పిత సరేనంది. పోయేటప్పుడు తాళాలు తీసుకుంటూ, పళ్ళెంలో తన పిన్నీసు కూడా ఒకటి వదిలిపెట్టి వెళ్ళింది, నలుపు కుండకని.

ఆ రోజు మధ్యాహ్నం నేత్రావతి అన్నం ముట్టలేదు. నీళ్ళ తొట్టి దగ్గర భాగీరథమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. భాగీరథమ్మ ఆ మిద్దె మీద అందరికంటే పాత మనిషి, గుడ్డలు జాడించడం ఆవిడ పని. పిన్ను తనదని నేత్రావతి చెబితే, తెలుసులే అంది.

"ఆయప్ప అంగీలు ఎప్పుడన్నా బాగా చూసినావా?" అని అడిగింది.

"చూసినాను. అన్నీ మచ్చలే గదక్కా."

"ఈపు మీద తాళంచెవి ఉండేది చూడు, ఆ అంగీ నాది. నట్టు గుర్తు ఉండేది మనతో అచ్చులేసే ఓబులేషుది. మేము చెడగొట్టిన గుడ్డలన్నీ ఆయప్పే తీసుకోని కుట్టించుకుంటాడు. ఒక్క మాట అనలేదు మమ్మల్ని. గడప కాడ ఎందుకు చూస్తాడనుకున్నావు? చూసినోడు తానైతే తప్పు తనది అవుతాదని."

నేత్రావతి కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది. మరి అల్లుడు తెచ్చిన యంత్రం ఎందుకు వద్దన్నాడని అడిగింది.

"అది కూస్తాది గదమ్మా. పదిమంది ముందర మనిషిని పట్టిచ్చేస్తాది. అయస్కాంతమైతే మూగది."

ఏడాదిపాటు రోజూ చేతులు చాచి నిలబడి, మనసులో ఆయన్ను తిట్టుకున్న మాటలన్నీ నేత్రావతికి గుర్తొచ్చాయి. తనను దొంగలా చూస్తున్నాడనుకున్న మనిషి, రోజూ ఆమె తప్పును ముందే తన పేరున రాసుకుంటున్నాడన్నమాట. ఆ సాయంత్రం ఇంటికి పోయి, కూతురికి జడ వేస్తూ, మనం చాలా మంచి చోట ఉన్నామే అని చెప్పింది. పిల్లకు అర్థం కాలేదు, జడ గట్టిగా లాగొద్దంది.

అందరూ వంతులు వేసుకుని పనిచేసి చీరలు అర్పితకు వేళకే అందించారు. ఆ మరుసటి వారం గిరియప్ప కొత్త చొక్కా వేసుకుని మిద్దె మీదికి వచ్చాడు. వీపు మీద మెడ నుంచి కిందికి, మెట్లు దిగుతున్నట్టు, హెయిర్‌పిన్ను మచ్చలు. నేత్రావతి అచ్చు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన ఎటు తిరిగితే అటు ఆమె చూపు ఆ మచ్చల వెంటే పోతోంది. పని సాగడం లేదు.

గిరియప్ప అది కనిపెట్టాడు. మెడలోంచి అయస్కాంతం తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఈ పొద్దు నన్ను నువ్వు చూడమ్మా" అని, అటు తిరిగి చేతులు చాచి కళ్ళు మూసుకున్నాడు.

నేత్రావతి దారం పట్టుకుని అయస్కాంతాన్ని మెల్లగా ఆయన వీపు మీదుగా దింపింది. ఒక్కో మచ్చ మీదా ఆపి చూసింది. అది ఎక్కడా లాగలేదు.

"ఏమన్నా అంటుకుందా?"

"లేదప్పా."

"చూసినావా, అయస్కాంతానికే కనపడలేదు. ఇంక నువ్వెందుకమ్మా దాన్నే చూస్తావు?"

నేత్రావతి నవ్వేసింది. నీళ్ళ తొట్టి దగ్గర భాగీరథమ్మ కూడా నవ్వింది. అయస్కాంతం వంతు అయిపోయింది కాబట్టి, ఆ ఇంటి పద్ధతి ప్రకారం, నేత్రావతి ఆ మచ్చల చొక్కాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

గిరియప్ప కళ్ళు తెరవలేదు. చేతులు దించలేదు.

"నడుము ఎనక చూడలేదమ్మా నువ్వు" అన్నాడు.