అత్తమ్మ గుట్ట దిగిన రోజు

మొన్న మా మనవరాలు హైదరాబాదు శివార్లలో కట్టిస్తున్న ఇల్లు చూపిస్తానని నన్ను తీసుకుపోయింది. బండలు పగలగొట్టి చదును చేసిన ఏటవాలు జాగా. ఇంటి వెనక గుట్ట జారకుండా నిలువెత్తు కాంక్రీటు గోడ పోశారు. ఆ గోడలోంచి వరసగా చిన్న చిన్న గొట్టాలు బయటికి చూస్తున్నాయి. ఒక్కోదాని మూతి నుంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. "కొత్త గోడ అప్పుడే ఉరుస్తున్నదేమే?" అన్నాను. "ఉరుసుడు కాదమ్మమ్మా, గుట్టల ఊరే నీళ్లు బయటికి పోవాలెగా. పోకుంటే ఆ బరువుకు గోడే పడిపోతది" అన్నది. నేను అక్కడే ఇటుకల దొంతి మీద కూర్చుండిపోయాను. నాకు కాళ్లు నొస్తున్నాయనుకుని పాపం మంచినీళ్లు తెచ్చిచ్చింది. నొచ్చింది కాళ్లు కాదు. మా అత్తమ్మ గుర్తుకొచ్చింది.

నేను పుట్టి పెరిగింది చొప్పదండిలో. మా ఇంటి గడప దాటితే వీధి, వీధి దాటితే చేను. ఎక్కడమంటే నాకు తెలిసింది చింతచెట్టు ఎక్కడమే. అలాంటిదాన్ని నిర్మల్ నుంచి భైంసా పోయే దోవలో, గుట్టల నడుమ ఉన్న ఒక ఊరికి కోడలిగా ఇచ్చారు. నైజాం పోయి, హైదరాబాదు రాష్ట్రమూ పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేండ్లయింది అప్పటికి. మా అత్తగారి ఇల్లు ఊళ్లో కాదు, ఊరికి పైన, గుట్ట నడుముకు అతుక్కుని ఉండేది. రజాకార్ల రోజుల్లో కింద ఉండటానికి భయపడి మామ పైన కట్టుకున్నాడట. ఆ భయం పోయింది కానీ ఇల్లు అక్కడే ఉండిపోయింది. దారి అంటే మెట్లు కావు. వాన నీళ్లు కోసిన బండల మధ్య పాదం పట్టేంత సందు. మామకు బజార్లో బట్టల దుకాణం. పొద్దున దిగి, అన్నానికి ఎక్కి, మళ్లీ దిగి, దీపాలవేళకు ఎక్కేవాడు. ఆయనకది గుట్ట అని కూడా గుర్తుండేది కాదు. మా ఆయన భైంసాలో జిన్నింగు మిల్లులో గుమాస్తా, ఆదివారాలకు వచ్చేవాడు. మిగిలింది అత్తమ్మా నేనూ.

అత్తమ్మ మోకాళ్లు పట్టేసి, నేను కాపురానికి రాకముందు నుంచే ఆమె కిందికి దిగడం మానేసింది. చదునుమీద మెల్లగా తిరిగేది గానీ, కాలు కిందికి వంచి బరువు మోపిందంటే ప్రాణం పోయేది. పెండ్లిళ్లు, బొడ్డెమ్మలు, బతుకమ్మలు, అన్నీ అరుగు మీది నుంచే చూసేది. పైనుంచి చూసీ చూసీ ఊళ్లోవాళ్లను మొహాన్ని బట్టి కాక నడినెత్తిని బట్టి గుర్తుపట్టేది. "అగో, గా బట్టతల పట్వారీది. గా ఎర్ర రుమాలు ఎవరిదో కొత్తది" అనేది. డోలీ కట్టించి దింపుతామని ఎవరన్నా అంటే ఒప్పుకునేది కాదు. "నడిసి ఎక్కిన, నడిసే దిగుత. నలుగురు మోసుడు ఒక్కపాలి సాలు." ఆమెను ఒంటరిగా వదిలి నేను పోరాదు కాబట్టి, కాళ్లు బాగున్న నేనూ అరుగు మీదే కూర్చున్నాను. నన్ను తీసుకుపోదామని పుట్టింటినుంచి అన్న రెండుమార్లు వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోయాడు.

గుట్ట మొదట్లోనే అత్తమ్మ చెల్లెలి ఇల్లు. ఆమెకు ఆయాసం, ఎక్కలేదు. ఈమె దిగలేదు. పొద్దున్నే ఆమె వాకిట్లోకి వచ్చి చెయ్యెత్తేది, ఈమె అరుగు మీది నుంచి చెయ్యెత్తేది. అక్కాచెల్లెళ్ల ముచ్చట అంతే. ఒకనాడు ఆ వాకిట్లోకి ఆమె రాలేదు. జనం వచ్చారు. అత్తమ్మకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. లేచి దారి మొదటికి పోయి ఒక కాలు దించింది, ఇంకోటి దించలేక కూర్చుంది. కూర్చునే జరుగుతూ పోదామని చూసింది. రెండో బండ దగ్గర చీర చిక్కుకుని, దిగనూ లేక ఎక్కనూ లేక అక్కడే ఆగిపోయింది. నేను వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని కూర్చున్నాను. కింద డప్పులు మోగాయి. పాడె మూలమలుపు తిరిగి, చప్పుడు సన్నబడి, ఆగిపోయేదాకా ఆమె ఏడవలేదు. ఆ తరవాత ఏడ్చింది. నేను ఆమెను అట్లా ఎన్నడూ చూడలేదు.

మామ వచ్చి సంగతి చూశాడు. చిక్కుకున్న చీర విడిపించి ఆమెను అరుగు మీదికి చేర్చాడు. చివరికి, "మెట్లు కట్టిస్త. సిమెంటు మెట్లు. చేత్తోటి పట్టుకోను ఇనుప కమ్మి గూడ పెట్టిస్త. ఇగ ఏడ్వకు" అన్నాడు. అత్తమ్మ కండ్లు తుడుచుకుని ఆ పూట రెండు ముద్దలు తిన్నది.

నాందేడ్ దిక్కునుంచి ఒక మేస్త్రి వచ్చాడు. పనిమంతుడే, కానీ మాటకారి. గుట్టంతా తిరిగి చూసి, "సేట్, సిమెంటు ఎట్లాగూ పైకి మోపిస్తున్నం. ఉత్త మెట్లేంది? ముంగట ఎత్తు పిల్లర్లు లేపి స్లాబు ఏసేద్దాం. ఊరంత మెడలెత్తి చూడాలె" అన్నాడు. ఊరంతా మెడలెత్తి చూడటమనే మాట మామ చెవిలో తియ్యగా పడింది. మెట్లు ముందే పోస్తే గాడిదల కాళ్లకు, బస్తాలకు అంచులు విరుగుతాయి కాబట్టి అవి చివరికి పోయాలని ఇద్దరూ తీర్మానించారు. వింటే సబబుగానే ఉంది. అట్లా, అత్తమ్మ దిగడానికని మొదలైన పని పైకి పెరగడం మొదలుపెట్టింది.

గాడిదల మీద ఇసుక వచ్చింది. ఆడవాళ్లు వరసగా నిలబడి కంకర తట్టలు చేతికి చెయ్యి అందించారు. ఇంటి ముందు పిల్లర్లు లేచాయి. వాటి నడుమ స్లాబును మోసే సెంట్రింగు కర్రలు అడవిలా నాటారు. మా పాత దారి ఆ కర్రల కింద మాయమైంది. పనివాళ్లు ఇంటి పక్కనుంచి, బండలకు నిచ్చెన ఆనించుకుని ఎక్కేవారు. చీరకట్టుతో నాకది కుదిరేది కాదు. అరుగు మీది నుంచి ఊరు కనబడటం కూడా పోయింది. ఎటు చూసినా కర్రలు, పలకలు, తడి సిమెంటు వాసన. స్లాబు పడ్డనాడు మామ మేకపోతును కోయించి అందరికీ పెట్టాడు. మర్నాటి నుంచి దానికి నీళ్లు పట్టాలి. కావడితో పైకి తెచ్చిన నీళ్లు ముందు స్లాబు తాగేది, మిగిలితే మేము తాగేవాళ్లం. "గా స్లాబుకు నాకన్న మర్యాదెక్కువున్నది" అని అత్తమ్మ నవ్వేది. నవ్వుతూనే మామను రోజూ అడిగేది, "మెట్లెప్పుడు?" అని. "గీ ఎనక గోడ కానియ్యి. గటెంక గదే పని" అనేవాడు.

వెనక గోడ అంటే, వంటింటి వెనక గుట్టను నిలువుగా కోసి, జాగా పెంచి, మట్టి పడకుండా లేపిన గోడ. బలంగానే కట్టారు. నీళ్లు పోయే తూములు పెట్టాలని మేస్త్రికీ తోచలేదు, మామకూ తోచలేదు. గోడన్నాక నీళ్లను ఆపాలి గానీ వదలడమేమిటని ఇద్దరి లెక్క.

అంతలో ముసురు పట్టింది. పని ఆగింది. మబ్బుతో పగలే చీకటిగా ఉండేది, ఇల్లంతా తడిసిన గోనెల వాసన. ఒక మధ్యాహ్నం అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. నేను పక్కన పప్పు ఏరుతున్నాను. మామ, మేస్త్రి, పనివాళ్లు కొందరు ముందుగదిలో చాయ తాగుతున్నారు. ఉరుము లాంటిది కాదు ఆ చప్పుడు. కంకర బస్తాలన్నీ ఒక్కసారే విప్పి గుమ్మరించినట్టు వచ్చింది. వెనక వాకిలి వెలుగు ఆరిపోయింది. గోడ మొత్తం వంటింటి మీదికి ఒరిగి, ఎర్రమట్టి వాకిట్లోంచి లోపలికి నడిచి వచ్చింది. పొయ్యి ఆరింది. నేను లోపలి తలుపు దగ్గరికి ఉరికాను. చౌకట్టు వంకర పోయి తలుపు బిగుసుకుపోయింది. అవతల మామ గుద్దుతున్నాడు, ఇవతల నేను గుద్దుతున్నాను. అది కదలలేదు.

మట్టి మోకాళ్లదాకా వచ్చింది. అత్తమ్మను లేపి నీళ్ల గోలెం అంచు మీద కూర్చోబెట్టాను. "అత్తమ్మా, ఇగ మనం బయటపడం" అన్నాను. ఆమె నా తల తన ఒళ్లోకి లాక్కుంది. చేతులకింకా పిండి ఉంది. "ఎన్నేండ్ల సంది నేను గీ గుట్ట మీద బందీనే గదనే బిడ్డా. గిప్పుడు జాగ జర సిన్నగైంది, గంతే. ఫికర్ జెయ్యకు" అన్నది. తలుపు అవతల గుద్దడం ఆగిపోయింది. మామ విన్నాడు. ఆ సంగతి ఆయనే తరవాత చెప్పాడు.

పనివాళ్లు పక్క మట్టిగోడను గడ్డపారలతో పొడిచి కంత చేశారు. ముందు నన్ను లాగారు, తరవాత అత్తమ్మను. పైన గుట్ట ఇంకా కదులుతోంది, అక్కడ నిలబడే వీల్లేదు. సెంట్రింగు పలక ఒకటి ఊడబెరికి, ఆమెను దానిమీద కూర్చోబెట్టి, ఆ కర్రల అడవిలోంచి ఒకరి చేతుల్లోంచి ఒకరికి అందిస్తూ దింపారు. వద్దని ఆమె అనలేదు. పలక అంచులు గట్టిగా పట్టుకుని, కండ్లు మూసుకోకుండా, దగ్గరికొస్తున్న ఊరినే చూసింది. చెల్లెలి ఇంటి అరుగు మీద దింపారు. కాసేపు ఊపిరి పీల్చుకుని నేల మీద కాళ్లు పెట్టింది. నా భుజం పట్టుకుని ఆ వానలోనే, పాడె తిరిగిన ఆ మూలమలుపుదాకా నడిచింది. అక్కడ నిలబడి చేతులు జోడించింది. ఎదురొచ్చిన పట్వారీని చూసి, "నీకు మీసాలున్నయా అయ్యా! నాకెర్క లేకపాయె" అన్నది.

మేము ఆ చెల్లెలి ఇంట్లోనే వెనకగదిలో ఉన్నాం. వానలు వెనకబట్టాక మామ గోడ మళ్లీ కట్టించాడు, ఈసారి తూములతో. మెట్లు కూడా పోయించాడు. వెడల్పుగా, నున్నగా, ఇనుప కమ్మితో చాలా మంచి మెట్లు. నీళ్లు పట్టడం అయ్యాక వచ్చి అత్తమ్మ ముందు నిలబడ్డాడు. "అన్నట్టే కట్టించిన. ఇగ నడువు" అన్నాడు. అత్తమ్మ తలెత్తి మెట్లను పైదాకా చూసింది.

"మంచిగున్నయి. మీరు దిగి రాండ్రి" అన్నది.

ఆయనకు కోపమొచ్చింది. స్లాబు ఇంట్లో కొన్నాళ్లు ఒక్కడే పడుకున్నాడు. మొదట అన్నానికి దిగాడు, తరవాత చాయకు. మరుసటి ఎండాకాలం పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని దిగాడు. ఆ ఏడే నేను చొప్పదండి పోయి నెల్లాళ్లు ఉండి వచ్చాను. అత్తమ్మ ఆ తరవాత చాలాకాలం బతికింది. రోజూ సాయంత్రం బజారు చివరిదాకా నడిచి, ప్రతి ఇంటి ముందు ఆగి, ప్రతివాళ్ల మొహం చూసి వచ్చేది. గుట్ట మీద పోయిన ఏండ్లను ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కింద మిగిలిన ఏండ్లను మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు.