కదిలింది

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. వీధి వీధంతా ఆయన్ని ‘కదలకండి గారు’ అంటుంది. చిన్నపిల్లలకైతే ‘కదలకు తాతయ్య’. బస్టాండు ఎదురుగా మేడమెట్లెక్కి పైకి వెళ్తే రెండు గదుల ఫోటో స్టూడియో, ముప్ఫై ఆరేళ్లుగా ఆయనదే. పాస్‌పోర్టు ఫోటోలు, దరఖాస్తు ఫోటోలు, ఉద్యోగం గుర్తింపు కార్డు ఫోటోలు. ముందు గదిలో అద్దం, దువ్వెన, ఎవరికీ సరిపోని ఒక కోటు. లోపలి గదిలో ఒక స్టూలు. ఆ స్టూలుని నేలకి బోల్టులు వేసి బిగించేశాడు. మనుషుల్ని బిగించడానికి వీల్లేక ఆగాడని ఆయన భార్య అంటుంది.

“గడ్డం కొంచెం దించండి. ఆఁ. కదలకండి.” ఇదీ ఆయన మంత్రం. మాట అన్నప్పుడే ఊపిరి బిగబట్టేవాడు, చెయ్యి రాయిలా ఆగిపోయేది, అప్పుడు మీట నొక్కేవాడు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, నోరు తెరుచుకుని కుర్చీలో తనే కూర్చుని, డాక్టర్ని ‘కదలకండి’ అన్నాడట. ఇది భార్య చెప్పే కథ. ఇందులో నిజమెంతో ఆవిడకే తెలియాలి.

ఎంత చెప్పినా కదిలేవాళ్లు కదులుతూనే ఉంటారు కదా. మొహం చెరిగినట్టు వచ్చిన అలాంటి ఫోటో వెనక ఆయన పెన్సిల్‌తో ‘కదిలింది’ అని రాసి పక్కన పడేసేవాడు. ఆ మాట పడిందంటే ఇక ఆ ఫోటో ఎందుకూ పనికిరాదని అర్థం.

ఇలాంటి మనిషికి పుట్టక పుట్టక ఒక్కతే కూతురు పుట్టింది. ఆ పిల్ల కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. ప్రతి పుట్టినరోజుకీ కొత్త గౌను వేసి స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ప్రతి పుట్టినరోజుకీ ఫోటో వెనక అదే మాట. కదిలింది, కదిలింది, కదిలింది. ఊళ్లో అందరి మొహాలూ తన బీరువాలో ఉన్నాయి, కన్నకూతురి మొహం ఒక్కటీ సరిగ్గా లేదు. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవాడు గానీ, చెప్పాక బీరువా తలుపు గట్టిగా మూసేవాడు.

ఆ అమ్మాయి పెద్దదై ఏమవుతుంది? స్టూలు మీద కూర్చునే ఉద్యోగం చేస్తుందా? విమానం నడపడం నేర్చుకుంది. అదీ తిన్నగా వెళ్లే విమానం కాదు. ముందు పంకా తిరిగే చిన్న ఎర్ర విమానంలో, జనం చూస్తుండగా ఆకాశంలో పల్టీలు కొట్టే జట్టులో చేరింది. ఆ జట్టు విమానాలుండే షెడ్డులో ఒక గోడ ఉంది. అక్కడ ప్రతి పైలట్‌కీ తను ఎగురుతున్న ఫోటో ఒకటి చట్రం కట్టి ఉంటుంది. ఈమె చట్రం మాత్రం రెండేళ్లుగా ఖాళీ. ఎవరడిగినా “మా నాన్న తీస్తాడు” అనేది.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. “నాన్నా, ఈసారి ప్రదర్శన మనూళ్లోనే. ఇంకో నెల ఉంది. తర్వాత ఎన్నేళ్లకి మళ్లీ ఇటు వస్తామో తెలీదు. నా ఫోటో తీస్తావా?”

“తియ్యకేం? అదెంత పని?” అన్నాడాయన, ధీమాగా.

ఫోన్ పెట్టేశాక స్టూడియోలో ఉన్న లెన్సు వంక చూశాడు. టీ కప్పంత ఉంది. ఆరడుగుల దూరంలో ఉన్న మొహానికి తప్ప దేనికీ పనికిరాదు. దాంతో విమానం తీస్తే ఆకాశంలో ఎర్ర చీమొకటి కనబడుతుంది. అప్పుడు పట్టుకుంది ఆయనకి బెంగ.

కెమెరాలు అద్దెకిచ్చే దుకాణదారు మొదటి పాస్‌పోర్టు ఫోటో తీసింది ఈయనే. అందుకని కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాడు. బల్ల మీద మూడు లెన్సులు పెట్టాడు. మోచెయ్యంత ఒకటి, చెంబంత ఒకటి, మూడోది మాత్రం నీళ్ల బిందె.

“మాస్టారూ, ఈ పెద్దది ఆరొందల మిల్లీమీటర్లు. దూరాన్ని తెచ్చి మీ ఒళ్లో పెడుతుంది. కానీ ఇది దగ్గరకీ దూరానికీ జరగదు, చూసినంతే చూస్తుంది. బరువు కూడా బాగా ఉంటుంది. ఈ చెంబంతది వంద నుంచి నాలుగొందల దాకా జరుగుతుంది, తేలిక. మొదటిసారి కదా, నా మాట విని...”

“కదలనిదే నాకు కావలసింది” అన్నాడాయన. జరిగే లెన్సంటే ఆయనకి మొదట్నించీ నమ్మకం లేదు. బిందె లాంటిదాన్ని చంకనెత్తుకుని ఇంటికి వచ్చాడు.

“ఎవరి మీదికండీ యుద్ధం?” అంది భార్య తలుపు తీస్తూ. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు ఫిరంగి.

మేడ మీద ఫిరంగితో సాధన మొదలైంది. కాకిని చూద్దామని కన్ను పెడితే పక్కింటి నీళ్ల ట్యాంకు కనబడేది. ట్యాంకు దగ్గర్నుంచి వెతుక్కుంటూ వెళ్తే ఎవరి దుప్పటో. దుప్పటి దాటేసరికి కాకి ఇంకో వీధిలో ఉండేది. అంత పొడుగు లెన్సులోంచి చూస్తే ఆకాశం గుప్పెడంతే కనబడుతుంది, ఆ గుప్పెట్లోకి కాకి రావాలంటే దానికి కూడా దయ కలగాలి. ఐదో రోజుకి మెడ పట్టేసింది. ఆవిడ వేడినీళ్ల సంచీ పెడుతూ, కాకులన్నీ క్షేమమేనా అని అడిగింది.

ప్రదర్శనకి పది రోజుల ముందు జట్టు విమానాశ్రయంలో రిహార్సల్ చేసింది. కంచె దగ్గర మూడు కాళ్ల స్టాండు మీద ఫిరంగి నిలబెట్టి, కూతురి విమానం కోసం కాచుకున్నాడు. ఈసారి పట్టు దొరికింది. సెకండులో నాలుగు వేలో వంతు వేగం పెట్టి, ‘కదలకు’ అని నొక్కాడు. ఇంటికొచ్చి తెరమీద చూసుకుంటే ఆయనకే కళ్లు తిరిగాయి. రెక్క మీద మేకులు లెక్కపెట్టుకోవచ్చు. జన్మలో అంత స్పష్టమైన ఫోటో తీయలేదు. సాయంత్రం కూతురు ఇంటికి వస్తే గర్వంగా తెర ఆమె వైపు తిప్పాడు.

ఆ పిల్ల చూసింది. పెదవి కొరుక్కుంది. ఆపుకోలేక నవ్వేసింది.

“ఏమిటే?”

“నాన్నా, పంకా చూడు. ఆగిపోయింది.”

నిజమే. ఎంత వేగంగా తీశాడంటే తిరుగుతున్న పంకా రెండు కర్రముక్కల్లా కదలకుండా నిలబడిపోయింది. విమానం దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది.

“ఇంజన్ చచ్చిపోయి నేను కింద పడుతున్నట్టుంది. మా శిక్షకుడు చూశాడంటే లైసెన్సు లాక్కుంటాడు. దీన్ని గోడకి పెట్టుకోలేను నాన్నా.” వెంటనే ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. “పోనీలే. చట్రం అలాగే ఉంచుదాం. ఇన్నాళ్లూ ఉంది కదా, దానికేం తొందర.”

ఆ మాట ఆయనకి నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. కూతురు చట్రాన్ని ఖాళీగానే ఉంచుకోవడానికి సిద్ధపడింది, అదీ తనమీద జాలితో. మర్నాడు స్టూడియో తెరిచాడు గానీ ఎవరి గడ్డమూ దించమనలేదు. వచ్చినవాళ్లు ఎలా కూర్చుంటే అలా తీసి పంపించాడు.

మధ్యాహ్నం భార్య అన్నం డబ్బాతో పాటు ఒక పాత బిస్కట్ల డబ్బా కూడా తెచ్చింది. ఫోటోలు కత్తిరించి కవర్లలో పెట్టే పని పాతికేళ్లు ఆవిడదే. మూత తీస్తే నిండా ఫోటోలు.

“ఇవేమిటి?”

“మీరు పారెయ్యమన్నవి. పిల్లవి. నాకు చేతులు రాలేదు.”

ఆయన ఒక్కొక్కటీ తీశాడు. చెరిగిపోయిన గౌను, చెరిగిపోయిన జడ, ఎక్కడో ఒక చెయ్యి. వెనక తన చేతిరాతే, కదిలింది అని. అడుగున ఉన్న ఒకటి తీసి చూసి, ఆగిపోయాడు. పిల్లకి ఏడేళ్లప్పటిది. స్టూడియో వెనక, కింద పెరట్లో సైకిలు తొక్కుతోంది. వెనక గోడంతా గీతలు గీతలుగా సాగిపోయింది. చక్రాల ఊచలు కలిసిపోయి రెండు పళ్లేల్లా తిరుగుతున్నాయి. మధ్యలో పిల్ల మొహం మాత్రం నీళ్లలో కడిగినట్టు తేటగా ఉంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందుపన్ను లేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చోనని పిల్ల మెట్లు దిగి పెరట్లోకి పారిపోతే, కెమెరాని స్టాండు మీంచి ఊడదీసి చేత్తో పట్టుకుని, ‘ఒసేయ్, ఆగవే’ అని దాని వెంట తిరుగుతూ నొక్కాడు. పిల్లతో పాటు కెమెరా కూడా కదిలింది. గోడ చెరిగింది, పిల్ల నిలిచింది. ప్రింటు చూసి, గోడ పాడైందని వెనక ఆ మాట రాసేశాడు. ఇరవై ఏళ్లపాటు కూతురి ఒక్క మంచి ఫోటో బిస్కట్ల డబ్బాలో ఉంది. దాన్ని పనికిరాదన్నది తనే.

“నేను వెర్రివాణ్ణే” అన్నాడు.

“కొత్త సంగతేముంది, అన్నం తినండి” అంది ఆవిడ.

సాయంత్రం ఫిరంగిని దుకాణంలో దించి, వంద నుంచి నాలుగొందల దాకా జరిగే చిన్నది తీసుకున్నాడు. దుకాణదారు కళ్లెగరేశాడు. “అందరూ పెద్దది కావాలంటారు, మీరేమిటి మాస్టారూ వెనక్కి వస్తున్నారు?”

“ఒకచోట పాతిపెట్టేది వద్దు బాబూ. విమానంతో పాటు నేను తిరగాలి.”

“అయితే పక్కనున్న ఈ మీట రెండో అంకె మీద పెట్టండి. చెయ్యి వణికితే సర్దుతుంది, మీరు పక్కకి తిప్పితే మాత్రం అడ్డుపడదు. వేగం నూట అరవయ్యో వంతు చాలు, పంకా తిరుగుతూ కనబడుతుంది.”

చెప్పినంత తేలిక కాదది. ఆయన బస్టాండు అరుగు మీద నిలబడి, పోయే సైకిళ్లనీ బస్సులనీ గురి చూస్తూ నడుము తిప్పేవాడు. పాదాలు కదలకూడదు, తిరగలి రాయిలా పైభాగం మాత్రం తిరగాలి. కదలకండి గారు కదులుతున్నాడని వీధంతా చూడ్డానికి వచ్చింది. టీ కొట్టతను బెంచీ బయట వేశాడు. ఆవిడ మేడ మీంచి, “చీపురు పట్టి నడుము తిప్పడం అప్పుడే నేర్చుకునుంటే ఇప్పుడీ తిప్పలుండేవి కావు” అంది.

తిప్పడం వచ్చింది గానీ ఫోటో రాలేదు. సైకిలు వెంట చక్కగా తిరుగుతాడు, సరిగ్గా నొక్కే క్షణంలో చెయ్యి టక్కున ఆగిపోతుంది. రెండు రోజులు అంతే. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. కనిపెట్టింది ఆవిడే.

“నొక్కేటప్పుడు మీరు ఏమంటున్నారో మీకు తెలుసా?”

“నేనేమీ అనట్లేదే.”

“కదలకు అంటున్నారు. బస్సుని. అది ఎలాగూ వినదు, మీ చెయ్యి మాత్రం వింటోంది. ఆ మాట మార్చండి.”

ముప్ఫై ఆరేళ్ల మాట. అలవాటైన ప్రాణం ఊరికే వదులుతుందా? అయినా పళ్లు బిగించి, నొక్కేటప్పుడల్లా ‘పద, పద’ అనడం నేర్చుకున్నాడు. నాలుగో రోజుకి పాలవాడి సైకిలు వచ్చింది, ఐదో రోజుకి బస్సు. ఈలోగా స్టూడియోకి వచ్చిన ఒకాయన్ని కూడా ‘పద’ అనేసరికి ఆయన లేచి వెళ్లిపోబోయాడు.

ప్రదర్శన రోజున కంచె పొడుగునా జనమే. పక్కన ఫిరంగులు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయన స్టాండు లేకుండా, చెంబు లాంటి లెన్సు పట్టుకుని, పాదాలు ఎడం చేసి నిలబడ్డాడు. ఆవిడ పక్కన గొడుగు పట్టింది. మైకులో చెప్పారు, ఎర్ర విమానం ఏడు నిమిషాలు ఎగురుతుందని.

ఏడు నిమిషాలంటే ఎంతసేపు? మొదటి పల్టీ కొట్టిన విమానంలో కూతురుందన్న సంగతి ఒంటికి తగిలేసరికి గుండె నోట్లోకి వచ్చింది, దాంతో పాటు పాత మాట కూడా. ‘కదలకు, కదలకు.’ చెయ్యి ఆగింది. విమానం పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి తోక మాత్రం దొరికింది. కంట్లోకి కారిన చెమట భుజానికి తుడుచుకున్నాడు. ఆఖరుసారి విమానం పక్కకి ఒరిగి, కంచెకి దగ్గరగా, జనం ముందు నుంచి దూసుకుపోతుందని మైకు చెప్పింది.

ఆవిడ గొడుగు మూసేసింది. ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టి, “మన పిల్ల కదలకుండా ఉండాలని మనం ఎప్పుడైనా నిజంగా అనుకున్నామా?” అంది.

విమానం ఎడమవైపు నుంచి వచ్చింది. ఆయన దాన్ని దూరంగానే కంటికి చిక్కించుకున్నాడు. నడుము తిరిగింది, భుజాలు తిరిగాయి, గాజు కప్పు కింద తెల్లటి హెల్మెట్ కనబడింది. “పద తల్లీ,” అన్నాడు గట్టిగా, చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, “పద, పద, పద.” విమానం దాటిపోయాక కూడా ఆయన తిరుగుతూనే ఉన్నాడు. ఆవిడ భుజం పట్టి ఆపింది.

మొత్తం నూట అరవై మూడు ఫోటోల్లో నూట అరవై రెండు చెరిగిపోయాయి. మిగిలిన ఒక్కటి మర్నాడు ప్రింటు వేసి, ఇద్దరూ రైలెక్కి జట్టు షెడ్డుకి తీసుకెళ్లారు. కూతురు చేతులు తుడుచుకుని అందుకుంది. ఆకాశం అడుగున చెట్లన్నీ పచ్చటి గీతలైపోయాయి. పంకా గుండ్రటి పళ్లెంలా తిరుగుతోంది. ఎర్ర విమానంలో, ఇటే తిరిగిన హెల్మెట్ కింద, నోరంతా తెరిచిన నవ్వు. ముందుపన్ను ఇప్పుడుంది.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి ఫోటోని వెనక్కి తిప్పి చూసింది. పెన్సిల్‌తో, అదే చేతిరాత. కదిలింది.

ఆమె మొహం చిన్నబోయింది. “అంటే, ఇది కూడా పాడైందా నాన్నా?”

“లేదమ్మా. ఈసారి నేనూ కదిలాను” అన్నాడాయన.

ఆమె ఫోటోని రెండు చేతులతో పట్టుకుని, పుట్టి ఇన్నేళ్లలో మొదటిసారి, తండ్రి ఎదురుగా ఎంతోసేపు కదలకుండా నిలబడింది. ఆయన మెడలో కెమెరా ఉంది. దాని సంగతి ఆయనకి గుర్తే రాలేదు.