ఫ్లెక్సీ మీద మా ఇంటి నంబరు

ఈ ఏడాది మార్చి పదో తేదీ, ఉదయం పదకొండు గంటలకు మా ఊరు ప్రత్తిపాడులో బస్సు దిగాను. మా వంశంలో మొదటి పట్టభద్రురాలిని, కొత్తగా సబ్‌ఇన్‌స్పెక్టరునయ్యాను. నేరస్థులు ఇంటివారి జోలికి రాకూడదని మా చిరునామాను, నాన్నగారి ఫోన్ నంబరును శాఖ వెబ్‌సైటులోంచి తీసివేయించి, ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

సెంటర్లో నాన్నగారు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. యూనిఫాంలో నా ఫొటో, దాని కింద ఇంటి నంబరు, నాన్నగారి ఫోన్, చెల్లి చదివే కాలేజీ, ‘నేడు విందు, అందరూ ఆహ్వానితులే’ అన్న పిలుపు!

ఇంటికి పరుగెత్తాను. మిర్చి బస్తాల దొంగతనంలో నేను అరెస్టు చేసిన మనిషి, బెయిలు మీద బయటికొచ్చి, మా బంతిలో కూర్చున్నాడు. నాన్నగారు వడ్డిస్తున్నారు.

“మొహమాటపడమాకయ్యా, తిను. మా అమ్మాయి తెలుసా నీకు?”

“తెలవకపోవడమేందండీ! నన్ను జీపెక్కించి తీసుకెళ్లింది మేడమే.”

“అంత మర్యాద చేసిందా!” అని మురిసిపోయి నాన్నగారు ఇంకో గరిటె నెయ్యి పోశారు.

అతడు నన్ను చూసి లేచాడు. “ఇల్లు తేలిగ్గానే దొరికింది మేడం.”

అతడెవరో నేను చెప్పాక నాన్నగారు నెయ్యి గిన్నెతో సహా లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దింపించాం. ఇప్పుడు నాన్నగారు మా ఇంటి దారి ఎవరికీ చెప్పడం లేదు. మొన్న గ్యాసు బండ కూడా వెనక్కి వెళ్లిపోయింది.