మేనమామ, మేళం, మాత్ర

శుభాశుభ కార్యములందు వాద్యధ్వనుల పరిమాణమును నిర్ణయించు గౌరవనీయ పెద్దలకు, వారు ఏ కార్యాలయంలో కూర్చుంటారో ఇంతవరకు తెలియరానప్పటికీ, సవినయంగా విన్నవించుకునేది: నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉంటూ వచ్చిన మా మేనమామ గత వారం నిద్రలోనే కన్నుమూశారు. ఆయన అంతిమయాత్రలో డప్పులు మోగలేదు. ఇది మర్యాదలోపమని బంధువర్గం నుంచి మౌఖిక ఫిర్యాదులు అందాయి. పాఠకుల సమక్షంలో వాటికి ఇచ్చుకుంటున్న సంజాయిషీ ఇది.

మామయ్యకు ఆటిజం ఉందని ఒక డాక్టరు తేల్చేనాటికి ఆయనకు నలభై దాటాయి. అంతకుముందు మావాళ్లు ఆయనకిచ్చిన హోదా తిక్కమనిషి. కొత్త చొక్కా కొంటే ముందు మెడ దగ్గరి లేబులు బ్లేడుతో కోసేవారు. రంగు చూడటం ఆ తర్వాతే. నా బడి చొక్కాలకూ అడక్కుండానే కోసిపెట్టేవారు. అవి నాకు గుచ్చుకుంటున్నాయని నాకంటే ముందు ఆయనకే తెలిసింది. కుక్కరు పెడుతున్నానని మా అమ్మ ప్రకటన జారీ చేసేది. ఆయన వీధి చివరిదాకా వెళ్లి, పప్పు ఉడికాక వచ్చేవారు. "చప్పుడు మీకు చెవుల్లో వినపడుద్ది, నాకు పళ్లల్లో" అనేవారు.

ఆయనకు అత్యంత ప్రియమైన స్థలం మా ఇంట్లో పత్తి నిల్వచేసే గది. పత్తిలో మోచేతులదాకా చేతులు దూర్చి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గొంతులో సన్నగా కూనిరాగం తీసేవారు. ఆయన సంతోషానికి అదే అధికారిక చిహ్నం.

పెళ్లిళ్లతోనే చిక్కు. మేళం మొదలవగానే చెవులు మూసుకుని మండపం దాటేవారు. ఒకసారి మాచవరంలో పెళ్లినుంచి నడుచుకుంటూ వెళ్లిపోయి, పక్క ఊరి బస్టాండులో దొరికారు. కుటుంబ ప్రతిష్ఠ దృష్ట్యా పెద్దలు మాత్ర రాయించారు. మాత్ర తన విధిని తు.చ. తప్పకుండా నిర్వర్తించింది. ఆ తర్వాతి పెళ్లిలో మామయ్య ఆద్యంతం కుర్చీలోనే కూర్చున్నారు. బంధువులు ఒకరినొకరు అభినందించుకున్నారు. చేతులు వణికి కాఫీ పంచె మీద ఒలికిందని, పట్టపగలే మగత కమ్ముతోందని, గోంగూరకు రుచి పోయిందని, ఊగడం పూర్తిగా నిలిచిపోయిందని ఎవరూ నివేదించలేదు. మందు బాగా పనిచేస్తోందని ఒక పెద్దాయన భుజం తడితే, మామయ్య నెమ్మదిగా చెప్పారు.

"చప్పుడేం తగ్గలా. లేచి బయటికి పోయే ఓపిక తగ్గింది."

తర్వాత నా పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. పక్కన ఎందరు చెయ్యి వేసినా ముందు పట్టు ఆయనదే. మాత్ర వేసుకుంటే చేతులు వణుకుతాయి. వేసుకోకపోతే మేళానికి మనిషి నిలవరు. మరొకరితో కానిద్దామని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సాయంత్రం మామయ్య మా అమ్మ ఎదుట కూర్చుని రెండు చేతులూ చాపారు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"అక్కా, పిల్లని ఎత్తాల్సింది ఈ చేతులు. ఇయ్యి నాకు తిరిగిప్పియ్యి."

అమ్మ ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈ మందు ఎవరి కోసం వాడుతున్నారని డాక్టరు అడిగితే, అబద్ధమాడటం చేతకాక, బంధువుల కోసమని చెప్పింది. ఒక్కసారిగా మానకూడదని హెచ్చరించి, డాక్టరు నెలల తరబడి మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. వణుకు పోయింది. గోంగూరకు రుచి వచ్చింది. ఒక మధ్యాహ్నం పత్తి గదిలోంచి కూనిరాగం వినబడితే, అమ్మ పొయ్యి ఆర్పేసి గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ పూట మాకు భోజనం ఆలస్యమైంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇక మేళం మిగిలింది. గంప దించేదాకా వాయించవద్దని అమ్మ కోరితే, పెళ్లికొడుకు తండ్రి అభ్యంతరం దాఖలు చేశారు.

"మేళం లేకుండా పిల్లని తెస్తారా? ఇదేంది, పెళ్లా, పరీక్ష హాలా?"

"పరీక్షే బావగారూ" అన్నారు మామయ్య. "మీరు చప్పుడు చెయ్యకపోతే నేను పాసవుతా."

బావగారు నవ్వేశారు. అనుమతి మంజూరైంది.

మేళం మోగని మండపాన్ని పాఠకులు విని ఉండరు. వెదురు గంప కిర్రుమనడం, నా పట్టుచీర గరగర, వెనక వరుసలో ఎవరో ముసలమ్మ ముక్కు చీదుకోవడం, అన్నీ వినబడ్డాయి. మామయ్య చేతులు నిశ్చలంగా ఉన్నాయి. మిగతా దేహం అలా లేదు. ఆనందం పట్టలేక నడుస్తూనే ఊగారు, గంప ఊగింది, నా బాసికం కంటి మీదికి జారింది. పెళ్లికొడుకును నేను మొదట ఒంటికన్నుతోనే పరిశీలించాను.

గంప దించాక కూడా ఆయన ఆగలేదు. మండపం మెట్ల దగ్గర కళ్లు మూసుకుని, కూనిరాగం తీస్తూ ఊగుతూనే ఉన్నారు. డోలాయన కర్ర పైకెత్తి పురోహితుడి వైపు చూశాడు. పురోహితుడు వాచీ చూసుకున్నాడు, మామయ్యను చూశాడు, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు.

కావున పై పెద్దలకు లాంఛనంగా దాఖలు చేస్తున్నది:

డిమాండు నం. 1: ఏ మండపంలోనైనా, ఏ మేనమామైనా, అలా ఊగుతున్నంతసేపు డోలు కర్ర గాలిలోనే ఉండవలెను.